ఆ రాత ఎవరు చదవాలి? సైన్స్ ఫిక్షన్ కిట్లకు డెకాల్స్ వేసే పని గురించి

(విశాఖపట్నంలో మోడల్ కిట్లు కట్టేవాళ్ల కూడికలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మనవి. ఆ ఫ్యాన్ కాసేపు ఆపేయండి. ఉక్కగా ఉంటుందని తెలుసు. కానీ ఈ బల్ల మీద ఉన్న డెకాల్స్‌లో, అంటే బొమ్మ మీద అంటించే రాతలు, గుర్తుల్లో, కొన్ని వేలిగోరులో సగం కూడా లేవు. ఫ్యాన్ తిరిగితే ఒక్కటీ మిగలదు. మీరు ఇంట్లో ఈ పనికి కూర్చున్నా మొదట చేయాల్సింది ఇదే.

నా చేతుల్లో రెండు బొమ్మలున్నాయి చూడండి. రెండూ ఒకే కిట్, 1/144 స్కేల్ (అసలు కొలతలో 144వ వంతు) గండమ్, జపాన్ యానిమేషన్ కథలోని రోబో. కథ ప్రకారం ఈ యంత్రం ఎత్తు 18 మీటర్లు. ఇక్కడ పన్నెండున్నర సెంటీమీటర్లు. కుడిచేతిలోది కట్టి, రంగు వేసి వదిలేశాను. ఎడమచేతిలోదానికి డెకాల్స్ కూడా వేశాను. వెనక వరుసలో కూర్చున్నవాళ్లు చెప్పండి, ఏది పెద్ద యంత్రంలా కనిపిస్తోంది? ఎడమది, కదూ. కొలతలో రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు.

అలా ఎందుకు కనిపిస్తుంది? కారు బొమ్మ చూస్తే అసలు కారు ఎంతుంటుందో మనకు తెలుసు కాబట్టి మనసు తనంతట తానే లెక్క కట్టేసుకుంటుంది. 18 మీటర్ల రోబో పక్కన మనం ఎప్పుడూ నిలబడలేదు. కథలోని అంతరిక్ష నౌకను తాకి చూడలేదు. అందుకని కంటికి ఏదో ఒక ఆనవాలు కావాలి. మనిషి చదువుకునే రాత కన్నా మంచి ఆనవాలు నాకు తెలిసి ఇంకోటి లేదు. సన్నటి రాత కనబడిందంటే దాన్ని చదివే మనిషి ఎంతుంటాడో, అతని పక్కన ఆ యంత్రం ఎంతుంటుందో కన్ను ఊహించేసుకుంటుంది.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. 1/144లో మనిషి దాదాపు 12 మిల్లీమీటర్లు. అదే స్కేల్లో 5 మిల్లీమీటర్ల అంకె అంటే అసలు యంత్రం మీద 72 సెంటీమీటర్ల అంకె. భుజం మీద యూనిట్ నంబరుగా అది బాగానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని దూరం నుంచి చదవాలి. అదే అంకెను మోకాలి దగ్గర చిన్న తలుపు మీద వేశారనుకోండి, ఆ తలుపు తెరవడానికి వచ్చిన మెకానిక్కుకు అది తొడల దాకా వచ్చేంత ఎత్తు ఉంటుంది. అంత అంకె అతనికెందుకు? అక్కడ కావాల్సింది అర మిల్లీమీటరు రాత. అసలు యంత్రం మీద అది ఏడు సెంటీమీటర్లు. మీరు వేసే ప్రతి డెకాల్‌కూ ఈ ప్రశ్న వేసుకోమని అడగడానికే ఈవేళ ఇక్కడికి వచ్చాను. ఈ రాత ఎవరు చదవాలి? ఎక్కడ నిలబడి చదువుతారు? చదివి ఏం చేస్తారు?

ఈ ప్రశ్నలకు జవాబులు వెతుక్కోవడానికి విశాఖ కన్నా మంచి ఊరు లేదు. ఓడల్నే తీసుకోండి. ఓడ ముందువైపు, వెనకవైపు నీటిమట్టం దగ్గర నిలువుగా అంకెలుంటాయి. అవి డ్రాఫ్ట్ మార్కులు, ఓడ నీళ్లలోకి ఎంత దిగిందో చెబుతాయి. మెట్రిక్ మార్కుల్లో ఒక్కో అంకె ఎత్తు సరిగ్గా 10 సెంటీమీటర్లు. అంకెకూ అంకెకూ మధ్య ఖాళీ కూడా 10 సెంటీమీటర్లే. నీళ్లు అంకె అడుగును తాకితే ఆ అంకె చెప్పే లోతు, అంకె తలను తాకితే దానికి ఇంకో 10 సెంటీమీటర్లు కలపాలి. అంటే అక్కడ అంకే కొలబద్ద. పక్కన చిన్న పడవలో నిలబడి చూసేవాడి కోసం ఎవరో ఇంత ఆలోచించారు. ఓడ పక్కన మధ్యభాగంలో ఒక వలయం, దాని మధ్యలోంచి ఒక అడ్డగీత ఉంటాయి. అది లోడ్ లైన్ గుర్తు. వలయం 300 మిల్లీమీటర్లు, గీత 450. మన 1/144లో ఆ వలయం రెండు మిల్లీమీటర్లకు వస్తుంది, 1/100లో మూడు. మీ నౌక కాళ్ల మీద దిగే రకమైతే ఆ కాళ్లకు ఇలాంటి కొలత గుర్తులు వేసి చూడండి. బరువుకు కాలు ఎంత కిందికి నొక్కుకుపోయిందో నేల మీద నిలబడినవాడు చదువుకుంటాడు. ఆ చిన్న గీతలతో బొమ్మకు ఒక్కసారిగా బరువొస్తుంది.

కంటైనర్లు కూడా చూడండి. పోర్టు నుంచి వచ్చే ట్రెయిలర్ మీద ఉండే పెట్టెకు నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. మొదటి మూడు అక్షరాలు యజమానివి, నాలుగోది సరుకు పెట్టె అని చెప్పే యూ. తర్వాత ఆరు అంకెల వరస నంబరు. ఆఖరి అంకె లెక్క సరిచూసుకోవడానికి, దాని చుట్టూ చిన్న గడి కూడా గీస్తారు. ఇదే నంబరు తలుపుల మీద, పక్కల, పైకప్పు మీద కూడా ఉంటుంది. పైకప్పు మీద ఉన్నది కింద నిలబడ్డవాడికి కనిపించదు. అది పైనుంచి చూసే క్రేన్ ఆపరేటర్ కోసం. సరుకు మోసే నౌక కిట్ కడుతున్నవాళ్లు ఈ పద్ధతి యథాతథంగా తీసుకోవచ్చు. ఒకే నంబరు మూడు చోట్ల కనబడితే చూసేవాడికి ఆ లోకంలో ఒక ఆఫీసు, ఒక రిజిస్టరు, ఒక గుమాస్తా ఉన్నట్టు తోస్తుంది.

బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది, ఎదురుగా 2017లో మ్యూజియంగా తెరిచిన టీయూ-142 విమానం ఉంది. ఆ విమానం సుమారు 53 మీటర్లు. 1/144లో కడితే 37 సెంటీమీటర్లు వస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు సెల్ఫీ అయ్యాక కాసేపు దాని రాతలే చూడండి. ఏవి దూరానికి, ఏవి దగ్గరికి, ఎక్కడ పదేపదే వచ్చాయి, ఎక్కడ ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీ చాలా ముఖ్యం. షీటు మీద వంద డెకాల్స్ ఇచ్చారు కదా అని వందా అతికించాల్సిన పనిలేదు. నా అభిప్రాయం అడిగితే, కవచం మీద పెద్ద చదును భాగాలను వదిలేసి, కీళ్లు, తలుపులు, ఎగ్జాస్టులు, ఆయుధాలు తగిలించే చోట్ల దగ్గర గుంపుగా వేయాలి. ప్రమాదం ఉన్నచోటే హెచ్చరిక ఉంటుంది. ఎడమ కాలికి వేసింది కుడి కాలికి అద్దంలోలా వేయడం కూడా చాలామందికి అలవాటు. హెచ్చరికలకు అది సరే. నంబర్లు, చిహ్నాలు మాత్రం ఒకవైపు ఉంటేనే బొమ్మకు జీవం.

ఇక చేతిపనికి వద్దాం.

కిట్లతో వచ్చే గుర్తులు ప్రధానంగా మూడు రకాలు. వెనక జిగురున్న స్టిక్కర్లు, వాటిలో వెండి రేకువీ పారదర్శకమైనవీ ఉంటాయి. రెండోది డ్రై ట్రాన్స్‌ఫర్. పైనుంచి మొద్దు పెన్సిల్‌తో రుద్దితే రంగు మాత్రమే దిగుతుంది, చుట్టూ పొర ఉండదు. చూడ్డానికి చక్కగా ఉంటుంది కానీ ఒకసారి దిగాక జరపలేం. మూడోది వాటర్ డెకాల్. కాగితం, దాని మీద నీళ్లలో కరిగే జిగురు, ఆపైన సన్నటి పారదర్శక పొర, దానిపై అచ్చు. తడిపితే జిగురు వదులై పొర జారుతుంది. మూడింటిలో మన ఇష్టప్రకారం జరుపుకోగలిగేదీ, ఉపరితలానికి ఒదిగిపోయేదీ ఇదే. 1980 జులైలో మొదటి గండమ్ కిట్ 300 యెన్‌లకు వచ్చిన నాటికీ నేటికీ ప్లాస్టిక్, అచ్చులు ఎంతో మారాయి. డెకాల్ వేసే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు.

ఆ బాబు చేయి ఎత్తాడు. అడుగు నాన్నా.

(ప్రశ్న: అంకుల్, కిట్‌లో స్టిక్కర్లే ఇచ్చారు. అవి పనికిరావా?)

ఎందుకు పనికిరావు? రోబో కళ్లకు, దాని కెమెరాలకు వెండి రేకు స్టిక్కరే బాగుంటుంది. కింద రేకు ఉండటంతో వెలుతురు పడి మెరుస్తుంది. పారదర్శక స్టిక్కర్లకు మాత్రం చుట్టూ ఉన్న ఖాళీ అంచును కొత్త బ్లేడుతో అచ్చు దగ్గరిదాకా కత్తిరించు. వేలితో ముట్టుకోవద్దు, వేలి జిడ్డుకు జిగురు చచ్చిపోతుంది. ట్వీజర్‌తో పట్టుకుని బ్లేడు మొన మీద మోస్తూ తీసుకెళ్లి ఒక అంచు ఆనించి, దూదిపుల్లతో మెల్లగా అదుము. చివర్లో మ్యాట్ టాప్ కోట్ కొడితే మెరుపు పోయి అంచు చాలావరకు కలిసిపోతుంది. బాండాయ్ స్టార్ వార్స్ కిట్లలో స్టిక్కర్లూ వాటర్ డెకాల్సూ రెండూ ఇస్తారు. అలాంటి కిట్ దొరికితే ఒక రెక్కకు ఇది, ఒక రెక్కకు అది వేసి చూడు. తేడా నీకే తెలుస్తుంది.

సరే, వాటర్ డెకాల్. దీనికి అసలు శత్రువు పేరు సిల్వరింగ్. ఎండాక డెకాల్ చుట్టూ బూడిదరంగులో వెండిపూతలా మెరిసే మరక. మొబైల్‌కు స్క్రీన్ గార్డు వేసినప్పుడు దుమ్ము పడితే బుడగ కనిపిస్తుంది చూడండి, అక్కడ జరిగేదే ఇక్కడా. మ్యాట్ రంగు ఉపరితలం కంటికి నున్నగా కనిపించినా నిజానికి గరుకు. ఆ గతుకుల మీద పొర పరుచుకున్నప్పుడు కింద గాలి మిగిలిపోతుంది. వెలుతురు ఆ గాలిని తాకి వెనక్కి వస్తుంది. పైనుంచి ఎన్ని కోట్లు కొట్టినా అది పోదు, ఎందుకంటే లోపం కింద ఉంది. అందుకే మ్యాట్ రంగు, అంటే మెరుపు లేని రంగు, వేసినవాళ్లు డెకాల్స్‌కు ముందు గ్లాస్ కోటు, అంటే నిగనిగలాడే పారదర్శక పూత, కొట్టాలి. రంగు వేయకుండా కిట్ ప్లాస్టిక్‌నే ఉంచేసినవాళ్లకు ఆ ఇబ్బంది తక్కువ, నిగనిగలాడే ప్లాస్టిక్ మీద నేరుగా వేసుకోవచ్చు.

ఇప్పుడు ఒకటి వేసి చూపిస్తాను. ముందుకు రండి, పిల్లల్ని ముందు నిలబడనివ్వండి.

షీటు మొత్తం తడపకండి. కావాల్సింది ఒక్కటే కత్తిరించండి. ఈ గిన్నెలో ఉన్నది బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. మన ఊళ్లో చాలా ఇళ్లల్లో బోరు నీళ్లు, ఆరితే తెల్లటి ఉప్పు మరక మిగులుతుంది. ముదురు రంగు మీద అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ట్వీజర్‌తో పట్టుకుని ముంచాను. పది, పదిహేను సెకన్లు చాలు. తీసేసి టిష్యూ మీద పెడుతున్నాను. చాలామంది డెకాల్ దానంతట అది తేలి కాగితాన్ని వదిలేదాకా నీళ్లలోనే ఉంచుతారు. అలా చేస్తే జిగురు కొట్టుకుపోతుంది, రేపు అంచు లేస్తుంది. బయట పెట్టినా కాగితం పీల్చిన నీళ్లు లోపల్లోపల తమ పని చేస్తాయి. ఒక నిమిషం ఆగుదాం.

ఈలోగా వేయబోయే చోట సెట్టర్ ఒక చుక్క. ఈ ద్రవాలు రెండు రకాలు, వాటి పని తేడా గుర్తుంచుకోండి. మైక్రోసెట్, మార్క్ సెట్టర్ లాంటివి ముందు వేసేవి. ఉపరితలాన్ని శుభ్రంచేసి డెకాల్ బాగా పట్టుకునేలా చేస్తాయి. మైక్రోసెట్ వాసన చూడండి, వెనిగర్ వాసన. మైక్రోసోల్, మార్క్ సాఫ్టర్ లాంటివి తర్వాత వేసేవి. అవి పొరనే మెత్తబరుస్తాయి. ముందుదానికి బదులు వెనకది వేశారా, డెకాల్ చోటికి చేరకముందే మెత్తబడి మడతపడుతుంది.

నిమిషం అయింది. చూడండి, వేలు ఆనిస్తే కాగితం మీద కదులుతోంది. కాగితాన్ని బొమ్మకు ఆనించి, తడి బ్రష్‌తో డెకాల్‌ను దాని మీదికి జరుపుతున్నాను. ఎత్తడం లేదు, జరుపుతున్నాను. ఎత్తితే చుట్టుకుపోతుంది. ఇప్పుడు కింద నీళ్లున్నాయి కాబట్టి ఎటు కావాలంటే అటు వస్తుంది. దగ్గర్లోని ప్యానెల్ లైన్‌తో, అంటే బొమ్మ ఉపరితలం మీద గాడిలా ఉండే గీతతో, సమాంతరంగా ఉందా లేదా చూసుకోవాలి. రాత ఒక్క డిగ్రీ వంకరైనా కన్ను పట్టేస్తుంది. కుదిరింది. టిష్యూ కొసతో పక్కనుంచి నీళ్లు పీల్చేస్తున్నాను. తర్వాత కొంచెం తడి చేసిన దూదిపుల్లను మధ్యలోంచి అంచులకు దొర్లించడం. రుద్దకూడదు, దొర్లించాలి. కింద ఉన్న నీళ్లూ గాలీ బయటికి పోతాయి.

ఇప్పుడు సాఫ్టనర్. బ్రష్‌తో పల్చగా తడిపాను. ఒకటి రెండు నిమిషాల్లో డెకాల్ ముడతలు పడుతుంది. అదిగో, మొదలైంది. కొత్తవాళ్లకు ఇక్కడే టెన్షన్. చేయి ఆగదు, వెంటనే వేలితో సరిచేయాలనిపిస్తుంది. ముట్టుకోవద్దు. ఈ క్షణంలో పొర మీగడంత మెత్తగా ఉంది, తాకితే చిరుగుతుంది. వదిలేస్తే ఆరేకొద్దీ తనే సర్దుకుని, ప్యానెల్ లైన్ గాడిలోకి, రివెట్ల మీదికి ఒదుగుతుంది. గాడిలోకి దిగకుండా మొండికేస్తే ఆరాక సన్నటి బ్లేడుతో ఆ గీత వెంట కోసి మళ్లీ సాఫ్టనర్ వేయండి. బుడగ మిగిలితే సూదితో పొడిచి, పైన ఇంకో చుక్క. రెండు మూడు విడతలు పట్టినా తొందరపడొద్దు. ఒక్క జాగ్రత్త, అన్ని కంపెనీల సిరాలూ ఒకే ఘాటుకు తట్టుకోవు. షీటులో అక్కర్లేని డెకాల్ ఒకటి ముందు పరీక్షకు వాడుకోండి.

రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున తడి దూదితో చుట్టూ మిగిలిన జిగురు మరక తుడిచేయండి. తర్వాత పల్చగా గ్లాస్ కోటు, ఆపైన మీకు నచ్చిన మ్యాట్. డెకాల్ అంచు అనేది ఇక కంటికి దొరక్కూడదు. పెయింటర్ స్టెన్సిల్ పెట్టి రంగు కొట్టాడనిపించాలి. అది స్టిక్కర్ అని తెలిసిపోయిన మరుక్షణం 18 మీటర్ల యంత్రం కాస్తా పన్నెండు సెంటీమీటర్ల బొమ్మ అయిపోతుంది. ప్యానెల్ లైన్లలో ఎనామెల్ రంగు నింపేవాళ్లు గ్లాస్ కోటు మీదే వాడండి. వట్టి ప్లాస్టిక్‌లో, ముఖ్యంగా బిగుతుగా నొక్కి కలిపిన కీళ్లలోకి ఎనామెల్ థిన్నర్ దిగితే ప్లాస్టిక్ పగులుతుంది.

మన సముద్రపు గాలి గురించి వేరే చెప్పాలి. బయటి దేశాలవాళ్ల వీడియోల్లో ఈ సంగతి అంతగా ఉండదు, ఇక్కడ మాత్రం దీన్ని తప్పించుకోలేం. స్ప్రే డబ్బాలోని ల్యాకర్ బొమ్మ మీద పడగానే అందులోని సాల్వెంట్ గబగబా ఆవిరవుతుంది. ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది ఆ చల్లదనానికి నీరై పొరలో ఇరుక్కుంటుంది. కోటు పాలు పోసినట్టు తెల్లబడుతుంది. వాన కురుస్తున్న రోజున, తెల్లవారుజామున డబ్బా ముట్టుకోకండి. తేమ చూపించే చిన్న మీటరు కొనుక్కుంటే మీకే తెలిసిపోతుంది. ఒకవేళ తెల్లబడినా కంగారు పడొద్దు. పొడిగా ఉన్న రోజు చూసి అదే కోటు పల్చగా మళ్లీ కొడితే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది. డెకాల్ షీట్లకు కూడా తేమ పడదు. ఒకదానికొకటి అంటుకుంటాయి, అంచులు చుట్టుకుపోతాయి. జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో వేసి, పడుకోబెట్టి దాచండి.

చెప్పండి మేడమ్.

(ప్రశ్న: కిట్లలో అన్నీ ఇంగ్లిష్, జపనీస్ రాతలే. తెలుగులో మనమే చేసుకోవచ్చా?)

తప్పకుండా చేసుకోవాలి. నాకు చాలా ఇష్టమైన పని ఇది. ఆ నౌకను విశాఖ యార్డులో కట్టారని మీ కథలో ఉంటే, దాన్ని బాగుచేసేవాళ్లు తెలుగువాళ్లే కదా, వాళ్లకు తెలుగులోనే రాసి ఉంటుంది.

ఇంక్‌జెట్‌కు వేరే, లేజర్‌కు వేరే డెకాల్ పేపర్లు వస్తాయి. ఇంక్‌జెట్‌తో అచ్చువేస్తే నీళ్లలో ముంచే ముందు దాని మీద క్లియర్ కోటు కొట్టి తీరాలి, లేకపోతే సిరా కారిపోతుంది. ఇంటి ప్రింటర్ తెలుపు వేయలేదు. అందుకని లేత రంగు బొమ్మకు పారదర్శక పేపర్, ముదురు రంగుకు తెల్ల పేపర్ తీసుకుని గుర్తు అంచు వెంటే కత్తిరించుకోవాలి. ఇంకో సంగతి, ఇలా చేసిన షీటు మీద పొర అంతటా ఒకటే పరుపుగా ఉంటుంది. ఏ రాతకారాత దగ్గరగా కత్తిరించకపోతే చుట్టూ పెద్ద అంచు మిగులుతుంది.

తెలుగు అక్షరానికి దాని అవసరాలు దానికున్నాయి. పైన గుడి, కింద వత్తు. ఇంగ్లిష్ పెద్దక్షరం ఒక మిల్లీమీటరులో సరిపెట్టుకుంటుంది కానీ మన ‘ప్రమాదం’లో క్రావడి, ‘హెచ్చరిక’లో చకార వత్తు ఆ కొలతలో సిరా నిండి మచ్చలైపోతాయి. అందుకని చిన్న సైజుకు వత్తుల్లేని మాటలు వెతుక్కోవాలి. ‘తాకరాదు’ చూడండి, ఒక్క వత్తు లేదు, ఎంత చిన్నగా వేసినా విడివిడిగా నిలబడుతుంది. ‘ఆగు’, ‘నీరు’ ఇలాంటివి. వత్తులున్న మాటలకు భుజాలు, రెక్కలు, నౌక పక్కభాగం వాడుకోండి, అక్కడ అయిదారు మిల్లీమీటర్లకు చోటుంటుంది. ఫాంటు మరీ సన్నటిది వద్దు, మరీ లావుదీ వద్దు.

పెద్ద స్కేల్ కట్టేవాళ్లకు ఇంకో దారి ఉంది. బండి నంబర్ ప్లేట్లు చేసే రేడియం షాపులో కంప్యూటర్ కటింగ్ మిషన్ ఉంటుంది. ఆ రేడియం నేరుగా అతికిస్తే మందంగా కనిపిస్తుంది, అది వద్దు. అక్షరాలు కోయించుకుని, వాటిని తీసేసి, చుట్టూ మిగిలిన షీటును స్టెన్సిల్‌గా బొమ్మకు అతికించి రంగు కొట్టండి. బాగా చిన్న అక్షరాలకు ఇది కుదరదు, మూలలు లేచిపోతాయి. పెద్ద యూనిట్ నంబరుకు, చిహ్నానికి దీన్ని మించింది లేదు.

ఇంకొక్క మాట, పాత కిట్ల షీట్ల గురించి. పసుపురంగుకు తిరిగిన షీటును జిప్ కవర్లో పెట్టి కొన్నాళ్లు ఎండ పడే కిటికీ అద్దానికి అతికించండి, పసుపు చాలావరకు దిగిపోతుంది. ఎండ మనకు కొదవ లేదు. నీళ్లలో వేయగానే ముక్కలయ్యేంత పాతదైతే ముందు పైన పల్చగా క్లియర్ కోటు కొట్టి, బాగా ఆరాక ఒక చిన్న డెకాల్‌తో పరీక్షించి, అప్పుడు మిగతావి మొదలుపెట్టండి. ఆ కోటుతో విడివిడి పొరలన్నీ కలిసి ఒకటవుతాయి కాబట్టి ఇక్కడ కూడా ప్రతిదీ అంచు వెంట కత్తిరించుకోవాల్సిందే.

అటువైపు బల్ల మీద నీళ్లు, ట్వీజర్లు, అందరికీ తలా ఒక పాత రెక్క ముక్క, కొన్ని డెకాల్స్ పెట్టాను. వేసే ముందు ఆ రాత చదివేది పైలట్టో మెకానిక్కో క్రేన్ ఆపరేటరో మీ పక్కవాళ్లతో చెప్పి, అప్పుడు చోటు ఎంచుకోండి. చేతులు పొడిగా తుడుచుకుని రండి.